గోడకు మూడడుగులు

కాంక్రీటులో పగులు ఎటు పాకుతుందో, ఎంత వెడల్పవుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం రాయడానికి నాకు మూడేళ్లు పట్టింది. దూలాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడి బలమెంతో, దాని మీద పడే బరువెంతో కార్డుల మీద కన్నాలు పొడిచి కంప్యూటరుకిస్తే, ఏ గడి ముందు చీలుతుందో అది చెబుతుంది. 1984లో గుంటూరు చుట్టుపక్కల ఆ విద్య తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని నాకు పొగరు. ఆ పొగరు గురించే ఇప్పుడు చెప్పాలి.

పెదకాకాని దారిలో ఆదెయ్యగారి మిర్చి గోడౌనుకు రెండంతస్తులు. పైన మిర్చి టిక్కీలు, అంటే కుక్కి కుట్టిన గోనె బస్తాలు; కింద తొడిమలు తీసే ఆడవాళ్లు. పై అంతస్తును మోసే నడిమి దూలానికి అడుగున సన్నటి బీట వచ్చింది. ముందు చూసింది హమాలీల మేస్త్రి జక్రయ్య. చూసి ఊరుకోలేదు, బీట ఎందాకా వచ్చిందో వారం వారం పెన్సిలుతో గీత పెట్టాడు. అతని కూతురు సంతోషకుమారి రోజూ ఆ దూలం కిందే కూర్చుంటుంది.

ఆదెయ్యగారు నన్ను పిలిపించారు. దూలం కొలిచాను. పైన సరుకెంత ఉంటుందో గుమాస్తానడిగి రాసుకున్నాను. బీటకు అడ్డంగా సన్నని గాజుపలక అంటించి, "ఇది పగిలితే బీట పెరుగుతున్నట్టు," అని జక్రయ్యకు చెప్పాను. పైకి మాత్రం ఎక్కలేదు. ఘాటుకు తుమ్ములొస్తాయి, ఇస్త్రీ చొక్కా ఎర్రబడుతుంది.

పదిరోజులకు లెక్క తేలింది. సరుకంతా వేసినా బీట ఇక పెరగదు. ఆ కాగితం పట్టుకుని వెళితే జక్రయ్య నన్ను దూలం దగ్గరికి తీసుకెళ్లాడు. గాజుపలక రెండు ముక్కలై ఉంది.

"పగిలిందండీ. మీరే చెప్పారు గదండీ, పగిలితే పెరుగుతున్నట్టేనని."

"బూజు దులిపేటప్పుడు కర్ర తగిలుంటుంది జక్రయ్యా. లెక్కలో ఏ తేడా లేదు."

"ఇటెవరూ దులపలేదండీ. పోనీ, ఆడోళ్లని బయట కూర్చోమంటానండీ."

ఆదెయ్యగారు విసుక్కున్నారు. "ఎండకి కాయ విరుగుద్దిరా. అంత చదివిన సారే చెబుతుంటే నీకేంది భయం?"

జక్రయ్య నావంక చూశాడు, నేనేమైనా అంటానేమోనని. నేను కాగితం మీద సంతకం పెట్టాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం దూలం విరిగింది. నలుగురు ఆడవాళ్లు పోయారు. సంతోషకుమారిని అందరికన్నా చివర తీశారు. తీసేవాళ్లంతా దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ ఉన్నారు. ఏడుపేదో ఘాటేదో తెలియడంలేదు.

కూలకుండా మిగిలిన పక్కన, అప్పుడు మొదటిసారి పై అంతస్తు చూశాను. టిక్కీలన్నీ నడిమధ్యనే, కప్పును తాకేలా పేర్చి ఉన్నాయి. గోడల వెంట మూడేసి అడుగులు ఖాళీ. నేనేమో సరుకును గోడ నుంచి గోడ దాకా సమంగా పరిచినట్టు కార్డులు పొడిచాను. అదే బరువు నడిమికి చేరితే దూలం ఎంత తొందరగా విరుగుతుందో ఇంజనీరింగు కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు పాఠం చెప్పేది నేనే. నా మీద నాకు అసహ్యం వేసింది.

జక్రయ్య కూతురి పక్కన కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"మేం సరుకు ఎట్టా పేరుస్తామో మీ మిషనుకి చెప్పారా సారూ?"

"చెప్పలేదు," అన్నాను.

"మీకు తెలవదుగా. నన్నడిగితే చెప్పేవోణ్ణి."

నాకు తెలుసు. గోడ చెమ్మ తగిలితే కాయ నల్లబడుతుందని ఇటువైపు ఎవరూ మిర్చిని గోడకు ఆనించి పేర్చరు. మాది అద్దంకి దగ్గర మిరప సేద్యం. మా ఇంట్లో ఆ మూడడుగుల సందులో చాప వేసుకునే నేను పదో తరగతి దాకా చదివాను.