మారిట్ జట్టు

డ్వైట్ ఎర్ర జెర్సీని మిగతా బట్టలతో కలిపి ఉతక్కూడదు. తిరగేసి, చన్నీళ్ళలో, విడిగా ఉతకాలి. పెళ్ళయిన కొత్తలో మారిట్ ఒకసారి దాన్ని తువ్వాళ్ళతో కలిపి మెషిన్‌లో వేసింది. ఆ శనివారం డ్వైట్ అభిమానించే యూనివర్సిటీ జట్టు ఓడిపోయింది. "జెర్సీ వల్లే ఓడామని నేననడం లేదు," అన్నాడు డ్వైట్ అందరి ముందూ నవ్వుతూ, "కానీ మనం అంత ఘోరంగా ఎప్పుడూ ఓడలేదు." ఇప్పటికీ ఫుట్‌బాల్ సీజన్ మొదలవగానే ఎవరో ఒకరు ఆ మాట తీస్తారు. అందరితో పాటు మారిట్ కూడా నవ్వుతుంది.

ఆ గురువారం సాయంత్రం జెర్సీ తిరగేస్తూనే ఆమె మాట కదిపింది.

"శనివారం బఫెలో వెళ్ళొద్దామనుకుంటున్నాను. మా కాలేజీ అమ్మాయిలు సెమీఫైనల్‌కి వచ్చారు. ఇంత దగ్గరికి వాళ్ళెప్పుడూ రాలేదు."

"ఏ అమ్మాయిలు?" అన్నాడు డ్వైట్. వెంటనే గుర్తొచ్చింది. "ఓ, నీ పిట్టలా! ఈ శనివారమా? మారిట్, ఈ శనివారం మన ఫైనల్. లెన్ వాళ్ళు వస్తున్నారు, అమ్మ వస్తోంది, నా ఆఫీసు వాళ్ళు వస్తున్నారు. నీకు తెలుసు కదా."

"తెలుసు."

"ఫోనులో చూసుకో. ఎప్పుడూ ఫోనులోనే చూస్తావు కదా."

అందులో తప్పేమీ లేదు. డ్వైట్ మాటల్లో ఎప్పుడూ తప్పు ఉండదు. అరవడు, కొట్టడు, తాగి తూలడు. వాళ్ళుండే ఎరీ ఊళ్ళో తన స్నేహితురాళ్ళ మొగుళ్ళతో పోల్చుకుంటే నువ్వు అదృష్టవంతురాలివి అని మారిట్ తనకు తనే చెప్పుకుంటూ వచ్చింది. జెర్సీని మెషిన్‌లో వేసి మూత వేసింది.

పిట్టలంటే మెడోలార్క్‌లు. నార్త్ డకోటాలో గోధుమ చేల మధ్య ఉండే హాలో క్రీక్ అనే చిన్న కాలేజీ వాలీబాల్ జట్టు పేరది. పసుపు రొమ్ముతో, కంచె కర్ర మీద కూర్చుని తన ఒంటికి మించిన గొంతుతో పాడే పిట్ట. మారిట్ ఎల్‌స్టాడ్ అన్న పేరుతో ఆమె ఆ కాలేజీలో చదివినన్నాళ్ళూ ఆ పసుపు చొక్కా వేసుకుంది. ఆమె లిఫ్టర్. బంతిని వల పక్కన పైకి లేపి పెడితే ఇంకొకరు ఎగిరి కొట్టేవాళ్ళు. చప్పట్లు బంతి కొట్టినవాళ్ళకే వచ్చేవి, కానీ జట్టులో అందరికీ తెలుసు ఆ బంతి ఎక్కడి నుంచి లేచిందో. ఆటలో "మారిట్! మారిట్!" అని అరిచేవాళ్ళు. ఆ అరుపులో ఆమెని చేసిపెట్టమనేది ఏమీ ఉండేది కాదు. నేనిక్కడ ఉన్నాను, నన్ను చూడు, అంతే. ఆ తర్వాత ఎవరు ఆమె పేరు పిలిచినా వెనకాల ఒక పని ఉంది. మారిట్, తువ్వాలు. మారిట్, అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా. మారిట్, పదో తారీఖున వచ్చే పేషెంటుకి ఫోన్ చేశావా.

పెళ్ళి చేసుకుని ఇంత దూరం వచ్చాక మొదట్లో వాళ్ళమ్మ ఫోన్లో స్కోరు చెప్పేది. అమ్మ పోయాక కొన్నేళ్ళు ఏమీ తెలియలేదు. తర్వాత కాలేజీ వాళ్ళే ఆటల్ని నెట్‌లో చూపించడం మొదలుపెట్టారు. కెమెరా వణుకుతూ ఉంటుంది. ఒక్కోసారి ఎవరిదో తల అడ్డం వచ్చి ఆ సెట్టంతా అక్కడే ఉండిపోతుంది. వ్యాఖ్యానం చెప్పే విద్యార్థులు మధ్యలో చిప్స్ తింటారు. అయినా గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ, చెవిలో ఒక్కవైపే వైరు పెట్టుకుని మారిట్ ఒక్క ఆట వదల్లేదు. రెండో చెవి ఇంటికి. జట్టులో ప్రతి పిల్ల ఏ ఊరి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. ఇప్పటి లిఫ్టర్ డీలియా అనే పొట్టి పిల్ల, వేళ్ళకి ప్లాస్టర్లు చుట్టుకుని ఆడుతుంది. సర్వీసుకి ముందు బంతిని నుదుటికి ఆనించుకుంటుంది. వాళ్ళు గెలిచినప్పుడు మారిట్ నోరు మూసుకుని కేక వేస్తుంది. అది కూడా ఒక విద్యే. గొంతు దాకా వచ్చిన కేకని పళ్ళ వెనకే ఆపడం.

డ్వైట్ తన యూనివర్సిటీలో చదివింది మూడే సెమిస్టర్లు. అది ఎవరూ ఎత్తరు. వరండాలో జెండా, నేలమాళిగ గోడలకి ఎర్ర రంగు, ఆ రంగుకి సరిపోయే కుర్చీలు. శనివారం వస్తే అతను, స్నేహితుడు లెన్, వాళ్ళందరూ "మనం గెలిచాం," "మనల్ని రిఫరీ ముంచాడు" అంటారు. ఆ మనంలోకి వాళ్ళెలా చేరారని అడిగినవాళ్ళు లేరు. ఒకసారి మారిట్ తన పిట్టల గురించి నోరు జారి "మేం గెలిచాం" అంది. అత్తగారు బెర్నీస్ కాఫీ కప్పు దించి అడిగింది: "మేమంటే ఎవరే అమ్మాయ్? నువ్వు ఆడుతున్నావా ఏమిటి, ఈ మోకాళ్ళతో?" నేలమాళిగ అంతా నవ్వింది. కూతురు బ్రిన్ కూడా నవ్వింది. అప్పటికి దానికి పన్నెండేళ్ళు. ఎవరి వైపు నిలబడి నవ్వాలో పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆమె పనిచేసే పంటి డాక్టరు క్లినిక్కులోనూ అంతే. కౌంటర్ మీద డాక్టరుగారి జట్టు హెల్మెట్ పెద్దది ఉంటుంది, దాని దుమ్ము మారిటే తుడవాలి. ఆమె తన కంప్యూటర్ అంచున చిన్న పసుపు పిట్ట బొమ్మ అతికిస్తే, "పేషెంట్లకి గందరగోళంగా ఉంటుంది మారిట్, కాస్త శుభ్రంగా ఉంచుదాం," అన్నాడాయన. తీసేసింది. గోటితో జిగురు గీకుతుంటే ఏడుపొచ్చింది. ఇంత చిన్నదానికి ఏడుపేమిటని తన మీద తనకే విసుగొచ్చింది.

శనివారం రెండు ఆటలూ ఒకే వేళకి మొదలయ్యాయి. కింద జనం. పైన వంటింట్లో మారిట్ కోడి రెక్కలు వేయిస్తూ, పిండి డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టింది. మొదటి సెట్టు పోయింది, రెండోది వచ్చింది, మూడోది పోయింది, నాలుగోది వచ్చింది. మధ్యలో చీజ్ గిన్నె కిందికి, ఖాళీ పళ్ళేలు పైకి. మెట్ల మీద ఉన్నప్పుడు పోయిన పాయింట్లు ఎలా పోయాయో తెలియదు. ఐదో సెట్టు మొదలైంది. డీలియా బంతిని నుదుటికి ఆనించుకుంది.

కింద ఒక్కసారిగా అరుపులు. టీవీ బొమ్మ ఆగిపోయిందట. డ్వైట్ రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వచ్చాడు.

"నెట్ ఎవరు వాడుతున్నారు?"

సోఫాలో పడుకున్న బ్రిన్ తల ఎత్తకుండానే చెప్పింది. "అమ్మ. పిట్టల ఆట పెట్టుకుంది."

డ్వైట్ పిండి డబ్బా దగ్గరి నుంచి ఫోన్ తీసి, ఆపేసి, ఫ్రిజ్ మీద పెట్టాడు. చిన్నపిల్లలకి అందకుండా కత్తెర పెట్టినట్టు, పైన, వెనక్కి తోసి. కోపంగా కాదు. ఆమె నుదుటి మీద ముద్దు పెట్టాడు. "పది నిమిషాలు బంగారం. చివరి క్వార్టర్." ఒక రెక్క అందుకుని నములుతూ కిందికి దిగిపోయాడు.

మారిట్ పొయ్యి ముందే నిలబడింది. అతను అరిచి ఉంటే బాగుండేది అనిపించింది. అరుపుకి ఎదురు చెప్పొచ్చు. ముద్దుకి ఏం చెప్పాలి? అతనికి తనేం చేశాడో కూడా తెలియదు. ఇన్నేళ్ళుగా తనేం పోగొట్టుకుంటూ వచ్చిందో ఆమె అతనికి ఎప్పుడూ చూపించలేదు. పళ్ళ వెనక దాచింది. దాచినదాన్ని అతను చూడలేదని నిందించడం న్యాయమా? కానీ చూపించిన ఒకటి రెండుసార్లూ నవ్వారే. నూనె పొగలు కక్కుతోంది. పొయ్యి ఆపింది. కుర్చీ జరిపి, ఎక్కి, ఫోన్ తీసుకుని, కోటు వేసుకోకుండానే బయట ఆగి ఉన్న కారులో కూర్చుంది. అక్కడ ఫోన్ సిగ్నల్‌కి బొమ్మ రాలేదు, మాట మాత్రం వచ్చింది. చిప్స్ తినే అబ్బాయి గొంతు బొంగురుపోయి ఉంది. "డీలియా లేపింది... కొట్టింది... నేలకి తగిలింది! నేలకి తగిలింది! మెడోలార్క్స్ ఫైనల్లో!"

అప్పుడు మారిట్ నోరు తెరిచి అరిచింది. అద్దాలు మూసిన కారులో ఆ కేక ఆమెకే కొత్తగా వినిపించింది, ఎవరో పెద్ద గొంతున్న మనిషిదిలా. ఎవరికి చెప్పాలో చూసుకుంటే ఎవరూ లేరు. ఇంతలో ఫోన్ మోగింది. డ్వైట్ మెసేజ్: "బయటే ఉన్నావా? ఐస్ అయిపోయింది."

ఆమె వెళ్ళి ఐస్ తెచ్చింది. ఆ విషయమే తర్వాత ఆమెని ఎక్కువ బాధపెట్టింది. తలచుకోకుండానే తాళం తిప్పి, పెట్రోల్ బంకు దాకా వెళ్ళి, రెండు సంచులు మోసుకొచ్చి తొట్టెలో పోసింది. చేతులు వాటంతటవే పని చేశాయి.

ఆదివారం పొద్దున బెర్నీస్ కాఫీ తాగుతూ చర్చి వేళకోసం చూస్తోంది. డ్వైట్ జట్టు ముందురోజు గెలిచింది కాబట్టి అందరూ సంతోషంగా ఉన్నారు. మారిట్ కోటు వేసుకుని వంటింట్లోకి వచ్చింది.

"నేను బఫెలో వెళ్తున్నాను. ఫైనల్‌కి."

"ఇవాళా?" అన్నాడు డ్వైట్. "అమ్మని చర్చికి ఎవరు తీసుకెళ్తారు?"

"నువ్వు."

"నాకు తలనొప్పిగా ఉంది మారిట్. నిన్న అంత హడావుడి అయింది కదా."

"ఆ హడావుడి నాక్కూడా అయింది."

బెర్నీస్ కొడుకు వైపు చూసి, కోడలి వైపు తిరిగింది. "నీ వయసులో నాకూ ఇలాగే ఉండేదే అమ్మాయ్. కాళ్ళు నిలవని రోజులు. పోతుంది." ఆ మాటలో వెక్కిరింపు లేదు. ఏదో పాత బరువు ఉంది. దానికి మారిట్‌కి మరింత భయం వేసింది.

డ్వైట్ మెల్లిగా అన్నాడు, నిజంగా అర్థం కానట్టే. "నేనొకటి అడగనా? ఆ పిల్లలకి నువ్వెవరో తెలుసా?"

"తెలీదు."

"మరి?"

మారిట్ తాళాలు తీసుకుని బయటపడింది. సరస్సు ఒడ్డు వెంట దారంతా ఆ "మరి?" పక్క సీట్లో కూర్చుని వచ్చింది. నిజమే, వాళ్ళకి తను ఎవరో తెలియదు. వాళ్ళు పుట్టకముందే తను ఆ చొక్కా విప్పేసింది. ఎవరో అమ్మాయిలు ఎగురుతుంటే, పాయింటు వస్తే, తన గుండె ఎందుకు కొట్టుకోవాలి? డ్వైట్‌ని ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే నవ్వేస్తాడు. అడగరు కూడా. మగవాడు ప్రేమించినదానికి జెండా కడతారు. తను ప్రేమించినదానికి మాత్రం కారణం చూపించాలి. మంచు సన్నగా రాలుతోంది. రెండుసార్లు పక్కకి ఆపి వెనక్కి వెళ్ళిపోదామా అనుకుంది.

ఆటస్థలంలో ఒక మూల పసుపు చొక్కాలు. అందరూ తల్లిదండ్రులే, డకోటా నుంచి బస్సులో వచ్చినవాళ్ళు. ఎర్రటి బుగ్గల ఆవిడ ఒకరు పెద్ద బుట్టలోంచి సాండ్‌విచ్‌లు పంచుతోంది. మారిట్ చేతిలోనూ ఒకటి పెట్టింది.

"తినండి, చాలా చేశాను. ఇందులో మీ అమ్మాయి ఎవరు?"

ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న అదే. ఎవరి భార్య, ఎవరి తల్లి, ఎవరి కోడలు, ఏ డాక్టరు దగ్గర. ఏదో ఒక పేరు చెప్పి కూర్చోవచ్చు. దూరపు చుట్టాన్నని చెప్పినా నమ్ముతారు.

"ఎవరూ లేరండీ," అంది. "ఇది నా జట్టు. నేనిందులో లిఫ్టర్‌ని. చాలా ఏళ్ళ కిందట."

ఆవిడ ఒక్క క్షణం చూసి, బుట్ట కింద పెట్టి, పక్కకి జరిగింది. "అయితే ఇలా రండి. ఇక్కడి నుంచి వల బాగా కనబడుతుంది."

మెడోలార్క్స్ ఓడిపోయారు. వరసగా మూడు సెట్లు. ముందురోజు ఒళ్ళు హూనం చేసుకున్న పిల్లలు, కాళ్ళు లేవలేదు. మూడో సెట్టులో డీలియా బంతి కోసం బల్లల మీద పడి, లేచి, మళ్ళీ పడింది. మారిట్ నోరు తెరిచే అరిచింది, గొంతు పోయేదాకా. పక్కనావిడ కళ్ళు తుడుచుకుంటుంటే తన చేతిరుమాలు ఇచ్చింది. చివర్లో పిల్లలు గ్యాలరీ కమ్మీల వెంట నడుస్తూ అందరి చేతులూ తాకారు. డీలియా ప్లాస్టర్ చుట్టిన వేళ్ళు మారిట్ అరచేతిని తాకాయి. "వచ్చినందుకు థాంక్సండీ," అంది ఆ పిల్ల. ఏడ్చిన కళ్ళతో ఎవరినీ చూడకుండా, ముందుకి వెళ్ళిపోయింది. ఆమె ఎవరని అడగలేదు. అడిగి ఉండాల్సిందని మారిట్‌కీ అనిపించలేదు.

జనం వెళ్ళిపోయాక మెట్ల మీద కూర్చుని సాండ్‌విచ్ విప్పింది. గుడ్డు, ఆవపిండి ముద్ద, మెత్తటి రొట్టె. మెల్లిగా, చివరి ముక్క దాకా తింది. కింద ఇద్దరు మనుషులు వల విప్పి చుడుతున్నారు. అప్పుడు డ్వైట్ ఫోన్ చేశాడు.

"ఓడిపోయారట కదా. బ్రిన్ ఫోనులో చూసింది. నాతో ఏమీ అనలేదు గానీ, చివరిదాకా చూసింది." అతని గొంతులో జాలి ఉంది. "పోనీలే. ఎప్పుడు బయల్దేరుతున్నావు?"

"ఇంకా అనుకోలేదు."

అవతల ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.

"సరే, మరి రాత్రికి తినడానికి ఏముంది?"

"తెలీదు డ్వైట్," అంది మారిట్. "నేను తినేశాను."