ఎదురు కాజాలు

దర్జీ కొట్లో పదకొండు చొక్కాలు కొక్కాలకు వేలాడుతున్నాయి. కాలరు, జేబు, చేతులు అన్నీ చక్కగా కుదిరాయి, ఒక్క బొత్తాల కాజాలే లేవు. ముప్ఫై రెండేళ్ళు ఆ పని ఆయన భార్యది. ఆయన మిషను దగ్గర, ఆమె ఎదురుగా ఎత్తుపీట మీద. ఆమె పోయి నాలుగు నెలలైంది. ఆ పీట మీద కూర్చోబోయిన ప్రతివాణ్ణీ "అది విరిగింది" అని లేపేస్తున్నాడు. పీటకేమీ కాలేదు.

వీధి చివర మిషను కాజాలు వేస్తారయ్యా అని చెప్పనివాడు పాపాత్ముడు. అందరికీ "చూద్దాం లెండి" అనేవాడు. ఆ చూద్దాంలోనే ఒక పెళ్ళికొడుకు పాత చొక్కాతో పెళ్ళి చేసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం మందుల షాపులో పనిచేసే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి పెంచడంలో పడి పెళ్ళి మాటే మరిచిపోయింది. ఆ తమ్ముడు గడియారాలు బాగుచేసేవాడు. నరాల జబ్బు వచ్చి అతని కుడిచెయ్యి పడిపోయింది.

"రోజూ బొత్తాలు నేనే పెట్టాలి మాస్టారూ. పెట్టినంతసేపూ గోడకేసి చూస్తాడు. నిన్న అసలు చొక్కాయే వద్దన్నాడు. తనంతట తను వేసుకునేలా ఏదైనా కుట్టిపెట్టండి."

కాజాలు అక్కర్లేని పని అనగానే దర్జీకి ప్రాణం లేచొచ్చింది. లోపల అంటుకునే పట్టీ వేసి, పైకి ఉత్తుత్తి బొత్తాలు కుట్టి, తనే పట్టుకెళ్ళాడు. తమ్ముడు ఎడమచేత్తో లాగితే పట్టీ బర్రుమంది.

"చీమ తలకాయంత మరలు బిగించినవాణ్ణండీ నేను," అన్నాడతను. "నాకు ఉత్తుత్తి బొత్తాలా? నిజం కాజాలు కుట్టండి. పట్టకపోతే పట్టకపోనీ."

ఆవిడ వాకిలిదాకా సాగనంపింది. "ఎడమచెయ్యి కూడా ఏడాదిలోపే పోతుందన్నారు డాక్టరు. వాడికి తెలుసు."

దర్జీ తలూపి చెప్పులు వేసుకున్నాడు. కాజాలు తన చేతకాదని ఈ మనిషికి ఎలా చెప్పడం?

మూడు రోజులు సూది పట్టుకున్నాడు, దించాడు. నాలుగోరోజు మిషను పక్కకు జరిపి, తన కుర్చీలోనే, తమ్ముడి కోసం కుట్టిన కొత్త చొక్కా ఒళ్ళో పరుచుకున్నాడు. ఆమె ఎలా కుట్టేదో కళ్ళు మూసినా కనిపిస్తుంది: వాకిలి వైపున్న పట్టీ ముందుకు లాక్కునేది, కత్తెర మొనతో చిన్న గాటు, దారం మెలి, మళ్ళీ మెలి. అలాగే చేశాడు. కళ్ళు తుడుచుకుంటూ ఆరు కాజాలు కుట్టి, ఎదుటి పట్టీకి బొత్తాలు వేశాడు. కాజాలు వంకరగానే వచ్చాయి, కానీ వచ్చాయి.

తమ్ముడు చొక్కా తొడుక్కుని, కిందికి చూసుకుని, చాలాకాలానికి పకపకా నవ్వాడు.

"ఏం బావగారూ, నాకు ఆడవాళ్ళ చొక్కా కుట్టారు?"

దర్జీ వంగి చూశాడు: మగవాళ్ళ చొక్కాకు కుడివైపు ఉండాల్సిన బొత్తాలు ఎడమవైపున్నాయి. ఏ దర్జీ నిద్రలో కూడా చెయ్యని తప్పు. ఆమె ఎదురుగా కూర్చునేది. ఆమెకు వాకిలి ఎడమవైపయితే ఆయనకు కుడివైపు. కాజాలు అటువి ఇటొచ్చాయి, బొత్తాలు ఇటువి అటుపోయాయి.

"ఇవ్వండి, విప్పేసి..."

"ఆగండి." తమ్ముడి ఎడమచెయ్యి అప్పటికే ఎడమవైపు బొత్తాన్ని పట్టుకుంది. ఆ వైపున్న బొత్తం ఆ చేతికి తేలిగ్గా అందింది. తోశాడు, జారింది. మళ్ళీ తోశాడు. దూరింది. ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే ముందుకెళ్ళి, వెనక్కి వచ్చింది. అరగంటలో మూడు పట్టాయి. నాలుగోదాని దగ్గర వేళ్ళు వణకడం ముగ్గురూ చూశారు. 

బావగారూ అన్న మాట ఎవరూ దిద్దలేదు. అక్క పక్కనుండగా తమ్ముడు అనకూడని మాట అది. ఆవిడ కిటికీ కర్టెన్ సర్దుతూ నిలబడిపోయింది. దర్జీ ఇల్లు చేరేదాకా ఆ మాటే నెమరేశాడు. తనకు ఆవిడంటే ఇష్టం పుట్టిందని తెలిసి, చచ్చిపోయిన భార్య ముందు దొంగలా నిలబడ్డట్టు ఏడ్చాడు.

మర్నాడు పదకొండు చొక్కాలూ దించాడు. కాజాలు సరైన వైపు రావాలంటే ఆయనకు ఒకటే దారి తోచింది. పీట తుడిచి, దాని మీద కూర్చున్నాడు.

నెలన్నర గడిచింది. ఆవిడ షాపు నుంచి వస్తూ రోజూ ఆగేది. కూర్చోవడానికి ఆయన ఖాళీ చేసిన కుర్చీ ఉండనే ఉంది.

"ఇవాళ రెండు బొత్తాలే పెట్టుకున్నాడు," అంది ఒక సాయంత్రం. "మూడోదానికి చెయ్యి లేవలేదు."

 కుట్టి ఆపగలిగిన జబ్బు కాదు.

"రేపు పొద్దున్నే వస్తాను," అన్నాడు దర్జీ. "పెట్టడానికి కాదు. పక్కన కూర్చోడానికి."

"రండి. బావగారు రాలేదేమని అడుగుతున్నాడు." ఈసారి ఆ మాట అన్నది ఆవిడ.

ఆయన సూదిలో దారం ఎక్కించబోయాడు. నాలుగుసార్లు తప్పింది. ఆవిడ ఎదుట కూర్చుని చూస్తూ ఉంది కానీ, తమ్ముడి బొత్తాల దగ్గరలాగే చెయ్యి చాపలేదు.