గైడమ్మ గొంతు

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని బోలెడుమందిని చూశాం గానీ, ఆ గడియారాల మ్యూజియం మేనేజరులాంటి ఘనుడు మళ్లీ పుట్టడు. తెప్ప తగలేసి ఊరుకోలేదు, అందులో కాలకుండా మిగిలిన చెక్కలు కూడా తన ఇంట్లోనే దాచుకున్నాడు!

సంగతేమిటంటే, ఆ మ్యూజియానికి మాట్లాడే కళ్లద్దాలు తెప్పించారు. అవి పెట్టుకుని ఏ గడియారం వైపు చూస్తే దాన్ని గుర్తుపట్టి, దాని కథ చెవిలో చెబుతాయి. ఆ చెప్పే గొంతు, అక్కడే ఏళ్లుగా గైడు పని చేస్తున్న గైడమ్మది. ఆ హాళ్లలో జనానికి వినపడేలా అరిచి అరిచి ఆవిడ గొంతు అప్పటికే పాడైపోతోంది. "మాటలు తగ్గించకపోతే ఉన్నది కూడా పోతుందమ్మా," అని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

మేనేజరు ఊరుకుంటాడా? "ఈ ఒక్క పనీ చేసిపెట్టండి మేడమ్. తర్వాత హాయిగా కుర్చీలో కూచుని కొత్తవాళ్లకి నేర్పుదురుగాని, నాది పూచీ," అన్నాడు. పిచ్చి మాలోకం, నమ్మింది.

ఒక్కో గడియారాన్నీ తిరిగే బల్ల మీద పెట్టి, అన్నివైపులా కెమెరాకి చూపించి, దాని కథ మైకులో చెప్పాలి. అప్పుడే కళ్లద్దాలకి అది తెలుస్తుంది. గైడమ్మ వేడినీళ్లు తాగుతూ, దగ్గు వచ్చినప్పుడల్లా ఆగుతూ, అన్నిటి కథలూ చెప్పింది. అంతా అయ్యాక మేనేజరుగారికి ముచ్చట పుట్టింది.

"ఓపెనింగు రోజు పెద్దలు నావైపు చూస్తారు కదా, నేనెవరో కూడా కళ్లద్దాలు చెప్పాలి మేడమ్!"

అని తనే ఆ బల్లెక్కి, టై సర్దుకుని, గిర్రున తిరిగాడు. ఆవిడ నవ్వు ఆపుకుని నాలుగు పొగడ్తలు రికార్డు చేసింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, బాత్రూం అద్దంలో తన మొహం తనే చూసుకుంటూ విని, మురిసి ముక్కలయ్యాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడని పిలిచి, "ఇంక మీరు రానక్కర్లేదు," అన్నాడు.

"అదేంటి సార్? నేర్పే పని ఇస్తానన్నారు కదా?"

"మీ గొంతు మా దగ్గరే ఉందిగా. మళ్లీ మీరెందుకు, దండగ!"

"పోనీ, చెప్పేది నేనని నా పేరైనా పెట్టించండి."

"గడియారాలు చూడ్డానికొచ్చేవాళ్లకి మీ పేరెందుకండీ!"

గైడమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. తన గొంతు లాక్కుని తననే గెంటుతాడా! వీడి జేబులో ఉండటానికా తను ఇన్నాళ్లూ ఆ గొంతు అరగదీసుకుంది? సంచీ తీసుకునే వంకతో రికార్డింగు గదిలోకెళ్లి తలుపేసుకుంది. డాక్టరు మాట గుర్తొచ్చింది. 'పోతే పోనీ, మిగిలింది వీడికే ఖర్చుపెడతాను,' అనుకుని, కంప్యూటర్లో మేనేజరు బొమ్మ కింద ఉన్న పొగడ్తలు తీసేసి మైకు దగ్గరికి లాక్కుంది. ఇంటికెళ్లేసరికి ఆవిడ నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు.

ఓపెనింగు రోజు కూతుర్ని వెంటబెట్టుకుని, టిక్కెట్టు కొని మరీ వెళ్లింది. హాలు నిండా పెద్దలు, అందరి కళ్లకీ కళ్లద్దాలు. మేనేజరు వేదికెక్కి, "ఈ కథలన్నీ నేను స్వయంగా, కంటికి కునుకు లేకుండా..." అని మొదలెట్టాడు. అందరూ ఆయనవైపు చూశారు. అందరి చెవుల్లోనూ గైడమ్మ గొంతు, గడియారాల గురించి చెప్పినంత తీయగానే చెప్పింది:

"మీరు చూస్తున్నది ఈ మ్యూజియం మేనేజరుని. ఈయనకి ఇక్కడి కథ ఒక్కటీ రాదు. అన్నీ నేను చెప్పాను. ఉద్యోగం ఇస్తానని ఆశపెట్టి, పని కాగానే నన్ను గెంటేశాడు. నా గొంతు ఉంచుకున్నాడు, నా పేరు వద్దన్నాడు. అనుమానముంటే మళ్లీ చూడండి, మళ్లీ చెబుతాను."

జనం గొల్లుమన్నారు. తన మాటలకేననుకుని ఆయన ఇంకా పళ్లికిలించాడు. ముందు వరుసలో ఉన్న మ్యూజియం ట్రస్టు పెద్దావిడ లేచి, "ఏమయ్యా, నువ్వు గెంటేశావంటోందే, నిజమేనా?" అంది.

"ఎవరండీ అన్నది?"

పెద్దావిడ తన కళ్లద్దాలు చూపించింది. అప్పుడర్థమైంది ఆయనకి సంగతి. కిందికి దూకి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "అబద్ధమండీ బాబూ, నమ్మకండి!" అని బతిమాలాడు. ఎవరిని బతిమాలినా వాళ్లు ఆయన మొహం చూస్తారాయె, చూడగానే కళ్లద్దాలు మళ్లీ మొదటినుంచి అందుకుంటాయి. గైడమ్మ వెనక వరుసలో కూచుని కడుపారా చూసింది. అయ్యో పాపం అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

"ఆ గొంతు చెరిపేయండి! ఒక్క ముక్క ఉండకూడదు!" అని అరిచాడాయన.

"గడియారాల కథలన్నీ పోతాయి సార్," అన్నాడు కంప్యూటరు చూసే అతను.

"పోనీ అన్నానా!"

అతను చెరిపేశాడు. కళ్లద్దాలన్నీ మూగబోయాయి.

బయటికి రాగానే కూతురు ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఇంట్లో కూడా ఎక్కడా రికార్డు చేసి లేదు కదమ్మా. నీ గొంతు వినాలనిపిస్తే నేనేం చెయ్యను?"

గైడమ్మ కూతురి తల దగ్గరికి లాక్కుని, చెవికి నోరానించి, ఊపిరితోనే చెప్పింది.

"వాడి దగ్గర కూడా లేదు కదే."