ముందు ఎదుటివాళ్ళ మాట

ఆళ్లగడ్డ పిల్లలకు వాదించడం నేర్పమన్నారు నన్ను. చేపపిల్లకు ఈత నేర్పమన్నట్టు! నంద్యాలలో మాకు శిక్షణ ఇచ్చి, మధ్యాహ్నం పులిహోర పెట్టి, "ఈ ఏడాది తొమ్మిదో తరగతి చేత వాదన వ్యాసాలు రాయించండి" అని పంపించారు. ఆ చెప్పినాయన ఒక్క పీరియడ్ మా క్లాసులో కూర్చుంటే తెలిసేది. మావాళ్ళు హాజరు పిలిచినా "ఎందుకు పలకాల టీచర్, కనపడతాండాం గదా" అంటారు.

మొదటి వ్యాసం హర్ష రాశాడు. బడికి సెల్‌ఫోన్ తేవచ్చా అన్నది విషయం. వాడు రాసింది మొత్తం ఇంతే: "తేవచ్చు. ఎందుకు తేగూడదు? తేగూడదు అన్నోనికి ఫోన్ లేదు, కుళ్ళు." కింద సంతకం కూడా పెట్టాడు.

"ఇది వాదన కాదురా, తగాదా," అన్నాను.

"రెండూ ఒకటే గదా టీచర్!"

నాకు అసలే ముక్కు మీద కోపం. డస్టరుతో బల్ల మీద ఒక్కటి కొట్టి నియమం పెట్టాను. ఎవరు ఏం రాసినా సరే, ముందు పేరా ఎదుటివాళ్ళది. వాళ్ళ దగ్గరికి పోయి అడగాలి. వాళ్ళు చెప్తున్నప్పుడు మధ్యలో నోరు తెరవకూడదు. రాసింది వినిపిస్తే "అవును, నా మాటే" అని వాళ్ళే ఒప్పుకోవాలి. ఆ తర్వాతే రెండో పేరా, అది మీది. ఇంట్లో మీకు నిజంగా బాధగా ఉన్న గొడవేదైనా తీసుకోండి అన్నాను.

సిరి తీసుకున్న గొడవ: "డీజేని కోతల పండక్కు ఇయ్యగూడదు."

డీజే అంటే పొట్టేలు. అది అరిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది, అందుకని ఆ పేరు. పోయిన ఏడాది సిరి డెంగీ జ్వరంతో నంద్యాల ఆసుపత్రిలో పడి, చావు తప్పి బయటపడింది. ఇంటికొచ్చిన వారంలోనే ఇది పుట్టింది. తల్లి పాలు చాలకపోతే సీసాతో పట్టి ఈ పిల్లే సాకింది. అమ్మానాన్నలు కూలికి పోతే ఇంట్లో పెత్తనమంతా వాళ్ళవ్వ చెన్నమ్మది. ఆ చెన్నమ్మే డీజేని చర్చికి ఇచ్చేస్తానంటోంది. కోతల పండుగ నాడు వాళ్ళు గింజలో, గుమ్మడికాయలో, కోళ్ళో దేవుడికని తెస్తారు. ప్రార్థన అయ్యాక అక్కడే వేలం వేస్తారు, వచ్చిన డబ్బు సంఘానికి పోతుంది. డీజేని ఎవరు పాడుకుంటారో ఊరందరికీ తెలుసు. నంద్యాల రోడ్డులో మెస్ నడిపే అజయ్ కుమార్. ఆ దారిన పోయినప్పుడల్లా బండి ఆపి దాని వీపు నిమిరి పోతుంటాడట.

"ప్రేమతో నిమిరేది గాదు టీచర్," అంది సిరి. "తూకం చూస్తాండాడు."

నేను అహోబిలం పిల్లను. మా నాన్న స్వామి కైంకర్యంలో ఉండేవారు, మా ఇంట్లోకి ఉల్లిపాయ కూడా అడుగుపెట్టదు. నేను ఎవరి పక్షమో వేరే చెప్పాలా! అయినా వ్యాసం చూస్తే ఒళ్ళు మండింది. మొదటి పేరాలో "మా అవ్వకు ఏమీ తెలీదు" అని ఒక్క ముక్క ఉంది. తక్కినదంతా తన ఏడుపే.

"మీ అవ్వ తట్టు యాడుందే దీంట్లో?" అని కాగితం తిరిగి ఇచ్చేశాను. కోపమొస్తే నాకూ మా ఊరి మాటే వస్తుంది. "పోయి అడుగు. ఆ మెస్సాయన్నీ అడుగు. అడక్కుండా రాసుకొచ్చినావంటే సున్నా!"

శుక్రవారం మళ్ళీ తెచ్చింది. మొదటి పేరా నిండుగా ఉంది. రెండోది ఖాళీ.

"నీ తట్టు ఏదే?"

"ఏం మిగల్లేదు టీచర్." కాగితం నా ముందుకు తోసింది పిల్ల. "అవ్వ చెప్పినాక నాకేం తోచల్యా."

చదివాను. ఆసుపత్రిలో డాక్టర్లు ఏ మాటా చెప్పలేమన్న నాడు చెన్నమ్మ వరండాలో మోకాళ్ళ మీద కూర్చుని, "ఈ పిల్లను నాకు ఇడిచిపెట్టు తండ్రీ, మా గొర్రె కడుపులో ఉండే పిల్లను నీకిస్తా" అని మొక్కుకుందట. ఇన్నాళ్ళూ ఆ సంగతి సిరికి చెప్పలేదు, ఎందుకు చెప్పలేదంటే సిరి అడగలేదు. ఆ ముసలమ్మను నాలుగు మాటలు అందామని మనసులో సిద్ధం చేసుకున్నదాన్ని, ఒక్కటీ నోటికి రాలేదు.

"నీకు డీజే కావాలన్నది కూడా నిజమే గదా," అన్నాను చివరికి. "ఆడ మొదలుపెట్టి రాయి."

"ఆదివారమే పండగ టీచర్. వేలం పాటకు ముందు చదువుతానని చర్చిలో ఫిలిప్ పెద్దాయన్ను అడిగినా. మీరు రావాల."

రానని ఎలా అంటాను? ఆదివారం పొద్దున్నే నేనుండే నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాను.

చర్చి ముందు షామియానా కింద జనం కిటకిటలాడుతున్నారు. జొన్నల మూటలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, మెడలో బంతిపూల దండతో డీజే. దాని అరుపుకు మైకు అక్కర్లేదు. నన్ను చూసి ఎవరో ముందు వరసలో కుర్చీ వేశారు, పక్కనే అజయ్ కుమార్. పలకరించి నవ్వాడు కూడా పాపం. సంఘ పెద్ద ఫిలిప్ మైకు అందుకుని, "ఈ పాప రెండు మాటలు చెప్తాదంట, ఇనండి" అన్నాడు.

సిరి కాగితం విప్పింది. గొంతు గట్టిగానే ఉంది. ముందు ఎదుటివాళ్ళ మాట. అవ్వ మొక్కు చదివింది, ఇచ్చిన మాట తప్పగూడదని చదివింది. చర్చి రేకులు కారుతున్నాయి, వాటికి దుడ్లు కావాలని చదివింది. అక్కడితో ఆగిందా? నేను అజయ్ కుమార్‌నూ అడగమన్నాను కదా! ఆయన చెప్పింది పొల్లు పోకుండా రాసుకుంది.

"ఇది ఏడాది పొట్టేలు. శనక్కట్టె, మొక్కజొన్న తిని పెరిగింది. మాంసం లేతగా ఉంటాది. ఇట్లాంటిది ఈ చుట్టుపక్కల దొరకదు."

"పాప నిజం చెప్తాంది!" అని ఎవరో కేకేశారు. ఇంకెవరో పాట మొదలుపెట్టేశారు. దాని మీద ఇంకొకరు. అజయ్ కుమార్ చెయ్యెత్తాడు. ఒకరిని మించి ఒకరు పాడుతున్నారు, పాట చూస్తుండగానే ఆకాశానికి పోతోంది. సిరి కాగితం పట్టుకుని నోరు మూసుకుని నిలబడింది. ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో నోరు తెరవద్దన్నది నేనే! నంద్యాలలో నేర్పినాయన ఎదురుగా ఉంటే అక్కడే కడిగేసేదాన్ని.

"ఒకటోసారి!" అన్నాడు ఫిలిప్. "రెండోసారి!"

"ఆపండి!" కుర్చీ ఎక్కేశాను. చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడ్డాయి. "ఆపండప్పా! ఇంగా రెండో పేరా ఉంది!"

అందరూ నావైపు తిరిగారు. "పొట్టేలు మాంసంతో మీకేం పనమ్మా?" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ గొల్లుమన్నారు. నేను దిగలేదు. "సగం ఇని పాట పాడతారా? బుద్ధుండాలా! చదవవే సిరీ!"

నవ్వులు ఆగాక సిరి చదివింది.

"అవ్వ మాట తప్పగూడదు. డీజేని ఇచ్చేసినాం. నేను అడ్డం రాను. నన్ను ఇడిచిపెట్టమని అవ్వ దేవున్ని అడిగింది, ఇడిచిపెట్న్యాడు. దీన్ని కూడా ఇడిచిపెట్టమని నేను రాత్రి ఆయన్నే అడిగినా. గానీ ఈడ పాట పాడేది ఆయన గాదు, మీరు. అందుకే మిమ్మల్ని అడగతాండా."

అంతే రాసింది. కాగితం మడిచింది.

ఇంతసేపూ పాడినవాళ్ళు ఒక్కొక్కరే తల దించుకున్నారు. చివరి పాట అజయ్ కుమార్‌ది. ఆయన చుట్టూ చూశాడు, తన మీద ఇంకొకరు పాడతారేమోనని. ఒక్కరూ పాడలేదు. ఫిలిప్ ఎవరికీ వినపడకూడదన్నట్టు "మూడోసారి" అన్నాడు.

"ఏం పీడొచ్చి పడింది నాకు!" అని లేచాడు అజయ్ కుమార్. డబ్బు ఫిలిప్ చేతిలో పెట్టి నా మీదికి వచ్చాడు. "టీచరమ్మా, ఆ రెండో ముక్కేదో ముందు చదివించింటే నేను చెయ్యే ఎత్తేవాణ్ణి గాదు గదా!"

"పాడమని నేను చెప్పినానా?" అన్నాను. అప్పటికి కుర్చీ దిగాను.

ఆయన గొణుక్కుంటూ పోయి డీజే పలుపు విప్పి సిరి చేతిలో పెట్టాడు. "తీస్కపో. మా మెస్ తట్టు మాత్రం తోలుకురావాకు. తినేటోళ్ళు దీని మొగం చూస్తే నా యాపారం పోతాది."

సిరికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అంతలో చెన్నమ్మ లేచింది. ఎముకల గూడులా ఉంది మనిషి, గొంతు మాత్రం డీజేదే.

"ఆగప్పా! దేవునికిచ్చింది మళ్ళా నా ఇంటికొస్తే మొక్కెట్ల చెల్లుతాది?"

పలుపు సిరి చేతిలోంచి జారిపోయింది. అజయ్ కుమార్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఇది నీది గాదవ్వా! దేవునికి చేరాల్సిన దుడ్లు చేరినాయి. ఈ పొట్టేలు నాది. నీ దొడ్లో కట్టేసుకుంటాండా, అంతే!"

చెన్నమ్మ ఆలోచించింది. చర్చికి చర్చి ఆమె మొహమే చూస్తోంది.

"నీదేనా?"

"నాదే."

"అట్లయితే ఊరికే కట్టేస్తావా? మేత ఎవురెయ్యాల? నీళ్ళు ఎవురు పెట్టాల?"

"ఈ పాప..."

"పాప సదువుకోవాల. ఎట్ల సదివిందో సూసినావు గదా? నీ మెస్సులో పనోళ్ళకు కూలియ్యవా నువ్వు?"

జనం పడీపడీ నవ్వారు. అజయ్ కుమార్ రెండు చేతులూ జోడించాడు. ముసలమ్మ తగ్గలేదు. మేత సంగతి, దొడ్డి సంగతి, చినుకు పడితే కప్పాల్సిన పట్ట సంగతి ఒక్కొక్కటే తీస్తోంది. అలా ఆయన్ను తిడుతూనే, అటు చూడకుండానే, సిరి మణికట్టు పట్టుకుంది. ఆసుపత్రిలో కూడా అలాగే పట్టుకుని కూర్చుని ఉంటుందనిపించి నాకు కళ్ళు చెమర్చాయి. బేరం తెగేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.