వరసకో ఇల్లు

ఇరవై దాటితే అంకెలు నా దగ్గర నిలవవు. బడికి వెళ్ళింది రెండేళ్ళు, అందులో ఒక ఏడాది జ్వరాలకే సరిపోయింది. అందుకని సంచి అల్లేటప్పుడు వరసలు ఇళ్ళతో లెక్కపెట్టుకుంటాను. కాపురానికి వచ్చిన కొత్తలో మేమున్న వీధిలో ఇళ్ళన్నీ ఒక పక్కనే బారుగా ఉండేవి. ఒక వరస అల్లితే ఒక ఇల్లు దాటినట్టు. పాలాయన ఇంటి దాకా వెళ్తే చిన్న సంచి. దర్జీ ఇంటి దాకా వెళ్తే మధ్య సంచి. వీధి చివర బట్టతల గుమాస్తా ఇంటి దాకా నడిస్తే పెద్ద సంచి, అందులో వారానికి సరిపడా కూరలు పడతాయి. ఆ వీధిని ఎప్పుడో పడగొట్టి రోడ్డు వెడల్పు చేశారు. నా వేళ్ళలో మాత్రం గడపలతో సహా అలాగే ఉంది.

కోడలు పనిచేసే బట్టల కంపెనీ మూతపడి నాలుగు నెలలైంది. ఇక ఒకరి కింద చేరనని, చేతిపనితోనే నిలబడతానని అందరి ముందూ అనేసింది. మావాడు "చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాట ఆ పిల్లకి అరికాల్లో ముల్లయింది.

కూరల దుకాణం ఆవిడ ప్లాస్టిక్ సంచులు మానేస్తానని, సైజుకి నాలుగు చొప్పున పన్నెండు అల్లిక సంచులు కావాలని అడిగింది.

"ఒక సైజువన్నీ ఒక్కలాగే ఉండాలమ్మా. గుమ్మం పక్కన కొక్కేలకి వరసగా తగిలిస్తాను. సోమవారం పొద్దున టేపు తెచ్చుకుని మరీ వస్తా. కుదిరాయా, నెలనెలా మీ దగ్గరే. లేదా, మిషను సంచులు తెప్పించుకుంటా" అంది.

సగం కోడలు, సగం నేను. ఇళ్ళ లెక్క తనకి రాదుగా, నేను నోటితో వీధంతా చెబితే మనవరాలు పాత క్యాలెండరు వెనక బొమ్మ గీసింది. ఇంటికో డబ్బా, డబ్బాకో అంకె. కోడలు ఆ అంకెలు చూసి అల్లింది.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ మంచం మీద పరిచాం. చిన్నవి కుదిరాయి. మధ్యవీ కుదిరాయి. పెద్దవాటిలో నావి రెండూ ఒక వేలు పొట్టి.

"మీ చేతి బిగువు, అత్తయ్యా" అంది కోడలు.

"చిన్న సంచికి లేని బిగువు పెద్ద సంచికి ఎక్కడినుంచి వచ్చిందే? నీ చేతి వదులు చూసుకో ముందు."

మనవరాలు బోర్లా పడుకుని వరసలు లెక్కపెట్టింది. "అమ్మవి ఇరవై ఎనిమిది. నానమ్మవి ఇరవై ఏడు. నానమ్మా, ఒక ఇల్లు మింగేశావు!"

"నాకు పళ్ళే లేవు, ఇల్లెలా మింగుతానే?"

అది ఊరుకోదు. క్యాలెండరు తెచ్చి నా ఒళ్ళో పరిచి, నావాటిలో ఒక సంచి చేతిలో పెట్టి చెప్పమంది. కింది నుంచి ఒక్కో వరస వేలితో తడుముతూ చెప్పాను. ఒక్కో ఇల్లే దాటుకుంటూ పాలాయన దాకా, జంట కోడళ్ళ ఇంటి దాకా, దర్జీ దాకా వచ్చాను. తరవాత నత్తి మేస్త్రీ, గడియారాలాయన, పోస్టుమాన్...

"ఆగు. గడియారాలాయనకీ పోస్టుమాన్‌కీ మధ్య బొత్తాల వదిన ఉంది."

ఉంది. ఆ రోజు నోటితో చెప్పినప్పుడు నేనే చెప్పాను. చేతితో అల్లేటప్పుడు మాత్రం ఆ గడప దగ్గర వేళ్ళు నేరుగా పోస్టుమాన్ ఇంటికి వెళ్ళిపోతున్నాయి. ఎన్నేళ్ళుగానో నాకే తెలియదు. ఇంట్లో వాడుకునే సంచుల్ని ఎవరు పక్కపక్కన పెట్టి కొలుస్తారు?

"ఎవరత్తయ్యా ఆవిడ?" అంది కోడలు.

చొక్కాలకి బొత్తాలు కుట్టేది కాబట్టి బొత్తాల వదిన. నాకు చుట్టం కాదు, వీధి వరస. కొక్కెం సూది పట్టుకోవడం, ఈ వల అల్లిక వెయ్యడం తన గడప మీద కూర్చోబెట్టి నేర్పింది ఆవిడే. ఒకరోజు నేను ఆ గడప మీద ఉండగా ఆడపిల్లల బడి నుంచి ఒకావిడ వచ్చింది, అల్లిక నేర్పే మనిషి కావాలని. అప్పుడు వదిన ఇంట్లో లేదు, కుట్టిన చొక్కాలు అప్పజెప్పడానికి వెళ్ళింది. వచ్చినావిడ నా చేతిలో సంచి చూసి, ఈ అల్లిక ఎవరిదమ్మా అంది. నాదేనన్నాను. ఆ పని నాకే ఇచ్చారు, బడిలో రెండేళ్ళు నేర్పాను. అప్పటినుంచి వదిన, నేను ఆ దారిన వెళ్తే తలుపు వేసుకునేది. ఆవిడకి పొగరని అందరితోనూ నేనే చెప్పాను.

ఇదంతా చెప్పాను. కోడలు కత్తెర తీసుకుని, తను అల్లిన పెద్ద సంచి అందుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"నూలు అయిపోయిందత్తయ్యా. ఆదివారం కొట్టు ఉండదు. నావాటికి ఒక వరస విప్పేస్తే నాలుగూ సమానం. పది నిమిషాల పని."

"లెక్క తప్పింది నేను. నువ్వెందుకు విప్పాలి?"

"ఇప్పుడు న్యాయాలు కాదు, రేపు ఆవిడ టేపు పట్టుకొస్తుంది!"

నేను వంటింట్లోకి వెళ్ళి, ఎప్పుడో నేనే అల్లిన ఉల్లిపాయల సంచి దులిపి తెచ్చాను. అదే రకం నూలు. ఉతికి ఉతికి తెల్లబడింది. పై నుంచి విప్పుకుంటూ వచ్చాను. కోడలు తల కొట్టుకుంది. "రంగు తేడా గుడ్డివాళ్ళకి కూడా కనిపిస్తుంది. పోతే నా మాట పోతుంది, మీకేం!" అంది. అన్న మాటలో తప్పేమీ లేదు. అయినా కత్తెర పక్కన పెట్టి, నా రెండు సంచుల కాడలు తనే ఊడదీసి ఇచ్చింది. మధ్యలో దూర్చడానికి కుదరదు కనక వదిన ఇంటిని గుమాస్తా ఇంటి అవతలికి, వీధి చివరికి జరిపాను. చీకటి పడే లోపల కాడలు మళ్ళీ అతికాయి.

సోమవారం దుకాణం ఆవిడ టేపుతో వచ్చింది. పన్నెండూ కొలిచింది. పెద్దవి తిరగేసి చూసి, "ఈ రెండింటికీ పైన తెల్ల వరసేమిటి?" అంది.

కోడలు నా వైపు చూడలేదు. నేను నోరు తెరిచేలోపు తనే అంది, "నూలు చాలక పాతది వేశామండీ. పొడుగు మాత్రం సరిగ్గా ఉంది."

ఆవిడ కాడలు పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగింది. దూరంగా పట్టుకుని చూసింది. "మిగిలిన రెండింటికీ కూడా పై వరస విప్పి ఇలాగే తెల్లది వేసివ్వండి. పెద్ద సంచి ఏదో జనానికి దూరం నుంచే తెలుస్తుంది. వచ్చే నెలవాటికీ అంతే" అని చిన్నవీ మధ్యవీ తీసుకుని వెళ్ళింది.

సాయంత్రం కోడలు ఆ పెద్ద సంచులున్న బల్ల మీదే మావాడికి కంచం పెట్టింది.

ఉల్లిపాయల సంచిలో మిగిలిన నూలు ఆ రెండింటికీ సరిపోయింది. ఇప్పుడు తెల్ల నూలు విడిగా తెప్పిస్తోంది కోడలు. నేను అల్లేటప్పుడు గడియారాలాయన ఇల్లు దాటగానే వేళ్ళు ఇప్పటికీ పోస్టుమాన్ ఇంటికే వెళ్తాయి. వెళ్ళనిస్తాను. చివర తెల్ల నూలు అందుకునేసరికి మనవరాలు పక్కనుంచి, "వదిన వచ్చిందా?" అంటుంది.

"వచ్చింది, నీ పాఠం నువ్వు చదువుకో" అంటాను.