పొగ వాసన సీసా

నిజామాబాద్‌లోని ఒక పెద్ద మందు దుకాణంలో సింగిల్ మాల్ట్ విస్కీల గురించి చెప్పాలంటే అక్కడ పనిచేసే భానుప్రసాదే చెప్పాలి. ఆ మధ్యాహ్నం వచ్చిన తెల్లచొక్కా మనిషి చెరకు రైతులా ఉన్నాడు.

"మా అన్నకు ఇయ్యాలె. బాగ ఘాటుది సూపియ్యి."

భానుప్రసాద్ హుషారుగా ఒక సీసా దించాడు. "దీని బార్లీని పీట్ మట్టి కాల్చిన పొగల ఆరబెడతరన్నా. నీళ్లు కలపకుంట నింపిండ్రు, యాభై ఎనిమిది శాతం ఆల్కహాలు. మూత తీస్తే పొగ వాసన, దవాఖాన వాసన."

"గంత వాసనల ఇంకేదన్న కలిసినా తెల్వదు గద?"

భానుప్రసాద్ చేయి సీసా మీదే ఆగిపోయింది. "ఏం కలుస్తదన్నా?"

"ఊకెనే అడిగిన. రేపు ఇద్దరం భూమి పంచుకుంటున్నం."

"ఇది నీకు అమ్మను," అని భానుప్రసాద్ సీసాను మళ్లీ అరలో పెట్టేశాడు. ఆ మనిషి కోపం తెచ్చుకోలేదు. అరలోని సీసాను ఫోన్‌తో ఫోటో తీసుకుని, రోడ్డు దాటి ఎదుటి దుకాణంలోకి వెళ్లాడు. భానుప్రసాద్ కౌంటర్‌ను పక్కవాడికి అప్పగించి బయటికి పరుగెత్తేసరికి, అతను సంచితో బండెక్కి బోధన్ రోడ్డు పట్టాడు.

పోలీసులకు ఫోన్ చేస్తే, "వాని పేరేంది? ఏ ఊరు?" అని అడిగారు.

సీసా గురించి అంత చెప్పిన భానుప్రసాద్ ఆ రెండూ అడగనే లేదు.