ఈరక్కకు లేని జబ్బు

ఈరక్కకు షుగరు లేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే రాయచెర్లులో అందరూ ఆమెకు షుగరుందనే అనుకుంటారు. పెళ్లిళ్లలో ఆమె విస్తట్లో తియ్యటి ఓళిగ వేయరు. పాపం, ఓళిగంటే ప్రాణం పెట్టే మనిషి!

ఆ జబ్బు ఆమె నోట్లోంచే పుట్టింది. రెండేళ్ల కిందట మడకశిరలో చెల్లెలి ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నప్పుడు, తల్లి పోయిననాటి నుంచి గుండెలో పేరుకున్న బరువంతా దిగిపోయింది. బాప్తిస్మం తీసుకుని ఊరికొచ్చింది. మొగుడు గోపాలప్ప "నీ ఇష్టం మే, వేళకు సంగటి పడితే చాలు" అన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ శనివారమే స్నేహితురాలు కదిరమ్మ, గుడి నుంచి చక్కెర పొంగలి తెచ్చి చేతిలో పెట్టేసరికి ఈరక్కకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ప్రసాదం ముట్టొద్దని చెల్లెలు గట్టిగా చెప్పి పంపింది. ఉన్నమాట చెబితే కదిరమ్మ దూరమైపోతుందేమో! ఈ ఊరికి కోడళ్లుగా వచ్చినప్పటి నుంచి ఇద్దరూ కలిసి గొర్రెలు మేపారు. ఇప్పుడు సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే పనిలోనూ ఇద్దరూ ఒకే జత, ఒకరు పైపు పడితే ఒకరు బ్రష్షుతో రుద్దుతారు. అలాంటి మనిషి పోతే ఇంకేం మిగులుతుంది?

"నాకు షుగరొచ్చిందంట మే, తీపి తినకూడదంట" అనేసింది.

అంతే! మర్నాటి నుంచి కదిరమ్మ మెంతుల నీళ్లు, కాకరకాయ రసం మోసుకొచ్చి దగ్గరుండి తాగించడం మొదలుపెట్టింది. లేని జబ్బుకు రెండేళ్లు కాకర రసం తాగిన మనిషి ఈ తాలూకా మొత్తంలో ఇంకొకరుండరు. నవ్వాలో ఏడవాలో ఈరక్కకే తెలిసేది కాదు.

పోయిన ఆదివారం పక్కూరు మంగళవాడ ప్రార్థనలో పాస్టరయ్య ఒక్కొక్కరినీ లేపి అడిగాడు, తమకు దొరికిన మేలును ఈ ఏడు ఎవరికి చెప్పారని. ఒకరు మరిదికన్నారు, ఒకరు పక్కింటామెకన్నారు. ఈరక్క లేచి నిలబడి, ఇంకా ఎవరికీ చెప్పలేదని ఒప్పుకుని కూర్చుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. పాస్టరయ్య కోప్పడలేదు. "అందరికంటే నీకు దగ్గరిది ఎవరమ్మా? ఆమెకు చెప్పు. నమ్మేదీ మానేదీ ఆమె ఇష్టం. బలవంతం వద్దు, దాపరికమూ వద్దు" అన్నాడు.

సోమవారం నుంచి ఈరక్క రోజూ నోరు తెరిచింది. రోజూ ఎండ గురించో శనక్కాయల గురించో మాట్లాడి మూసేసింది. ఛీ, ఇంత పిరికిదాన్నేమిటి నేను అని తనను తానే తిట్టుకుంది.

శనివారం వచ్చింది. పది గంటల ఎండలో కదిరమ్మ బ్రష్షు కర్ర వదిలేసి ఉన్నచోటే కూలబడింది. ఈరక్క పైపు పారేసి పరుగెత్తింది. ప్యానెళ్ల నీడలోకి లాగి, ముఖాన నీళ్లు చల్లి, తన మజ్జిగ నోటికి అందించింది. కదిరమ్మ పెదాలు బిగించింది.

"తాగు మే! కండ్లు తిరిగి పడితివి కదా!"

"వద్దక్కా. ఒక్కపొద్దు."

"శనివారం ఇంట్లోనే తినొస్తానంటా ఉంటివే?"

"అట్ల చెప్తా ఉంటి. మొక్కు బయటికి చెప్పకూడదు కదా." కదిరమ్మ కళ్లు మూసుకుంది. "నీ షుగరు తగ్గాలని నూటొక్క శనివారాలు మొక్కుకున్యా. ఇంకా ఐదు ఉండాయి. నీకేమన్నా అయితే నాకెవరుండారు?"

ఈరక్క మనసులోనే లెక్కేసుకుంది. తన ఒక్క అబద్ధానికి ఈ పిచ్చిది తొంభై ఆరు శనివారాలు కడుపు మాడ్చుకుంది. చెబితే ఇక తన ముఖం చూడదు. చెప్పకపోతే ఇంకో ఐదు వారాలు ఇట్లాగే ఎండలో పడిపోతుంది.

"నాకు షుగరు లేదు, కదిరమ్మా. యాపొద్దూ లేదు."

ప్రార్థన, పొంగలి, భయం, అన్నీ ఏడుస్తూ చెప్పేసింది. కదిరమ్మ అంతా విని, లేచి కూర్చుంది. తర్వాత మజ్జిగ లాక్కుని గటగటా తాగేసింది.

"మంచోడేనా?"

"ఎవరు?"

"నీ యేసయ్య."

"శానా మంచోడు."

"మరి నా కాడెందుకు దాచినావక్కా? మేక ఈనితే జున్ను ముందు నాకే తెస్తివి. మొగునితో కొట్లాడితే నాకే చెప్తివి. ఇంత మంచోడు దొరికితే మాత్రం, నా కాడికొచ్చేసరికి షుగరంటివా? నేనేమన్నా కానిదాన్నా?"

దేవుణ్ణి మార్చుకున్నందుకు తిడుతుందనుకుంది ఈరక్క. ఇట్లా అడుగుతుందని కలలో కూడా అనుకోలేదు. తిట్టినా బాగుండేది.

కదిరమ్మ లేచి బ్రష్షు అందుకుంది. వరుస చివరిదాకా ఇద్దరూ ప్యానెళ్లు కడిగారు. రెండో వరుస మొదట్లో కదిరమ్మ వెనక్కి తిరగకుండానే అంది, "ఊఁ, చెప్పు. ఏం చేసినాడంట ఆయప్ప?"

నేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఈరక్క నోటికి తన గోడే వచ్చింది. "ఆయప్పకు ఒక స్నేహితుడుండె. ఆయప్పను చంపేదానికి పట్టుకపోయినప్పుడు, ఆయనెవరో నాకు తెలీదని మూడుసార్లు అబద్ధం చెప్పినాడు. భయపడి."

"నీ మాదిరే."

"నా మాదిరే."

"ఆయప్ప ఊరికే ఇడిసినాడా?"

"ఒక్క మాట తిట్టలేదు. చంపినా తిరిగి లేచి, కొన్ని దినాలకు కనపడి, తెల్లారేటప్పుడు గట్టు మీద నిప్పు చేసి, చేపలు కాల్చి, రా, తిందువు రా అని పిలిచినాడు."

బ్రష్షు ఆగిపోయింది. ప్యానెల్ మీది నీళ్లు కారి పాదాల మీద పడుతున్నా కదిరమ్మ జరగలేదు.

"నాకంత మంచితనం లేదక్కా" అంది చివరికి. మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది. "వారం దినాలు నేను నీతో మాట్లాడను. నువ్వు మాత్రం చెప్తా ఉండు."